వెనక చక్రాలు మా సెక్షన్ కాదు

గ్యారేజీల్లో ఇప్పుడిప్పుడే చేతులు నల్లబడుతున్న పిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, సర్వీసులో మిమ్మల్ని బాగా ఏడిపించిన బండి ఏది సార్ అని. ఆదోని బస్సు డిపోలో ఉద్యోగమంతా బస్సుల ముందు యాక్సిల్ కింద పడుకుని గడిపినవాణ్ణి కాబట్టి ఏదో ఘాట్ రోడ్డు బస్సు కథ చెబుతానని వాళ్ల ఆశ. నన్ను నిలవనీయకుండా చేసింది బస్సు కాదు. రిటైరై ఎమ్మిగనూరులో మా ఇంటికి చేరుకున్నాక, నా వాకిట్లోకి వచ్చిన ఒక పాత స్పోర్ట్స్ కారు. దాని సంగతే రాస్తున్నాను. ఇందులో మీకు పనికొచ్చేది ఒకటో అరో ఉంటే తీసుకోండి, మిగతాది ముసలాడి చాదస్తమని వదిలేయండి.

రిటైరైనవాడి చేతులు ఊరికే ఉండవు. మా ఇంట్లో మిక్సీ బాగానే తిరుగుతున్నా నేను దాన్ని ఒకసారి విప్పాను. పక్కింటివాళ్లు నన్ను చూసి మోటారు సైకిలు లోపల పెట్టుకునేవారు. మాది నేతవాళ్ల వీధి. నేనూ ఆ ఇళ్లలోనే పుట్టాను కానీ మగ్గం దగ్గర కుదురుగా కూర్చోలేకే డిపోలో చేరాను. నా భార్య మాత్రం ఇప్పటికీ నేస్తుంది. పని లేక వాకిలికీ వీధికీ తిరుగుతుంటే, "కాలుగాలిన పిల్లి మాదిరి ఆ తిరుగుడేంది, యాడన్నా ఒకసోట కూసో" అని మగ్గం మీద నుంచే కేకేసేది.

అలాంటి రోజుల్లో, దసరాకు ముందు, ఆ కారు వచ్చింది. రెండే సీట్లు, నేలను రాసుకునేంత కిందికి ఉంటుంది, ఎర్ర రంగు ఎండకు వెలిసి ఇటుక రంగులోకి దిగింది. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు నడిపే ఒక సేటుది. మిల్లు బాగా నడిచిన కాలంలో మోజుపడి బెంగుళూరు నుంచి ఎవరో వాడినదాన్ని తెచ్చుకున్నాడు. దాన్ని తోలుకొచ్చినవాడు నాకు బాగా తెలిసినవాడే. మా డిపోలో డ్రైవరు, నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. సర్వీసంతా ఒక్క యాక్సిడెంటు లేకుండా దిగిపోయిన మనిషి. తరువాత సేటు దగ్గర చేరాడు.

దిగీ దిగగానే, మంచినీళ్లు కూడా తాగకుండా, జరిగింది చెప్పాడు. ఆలూరు రోడ్డులో సేటును ఎక్కించుకుని పోతుంటే బండి ఎడమ వైపుకు లాగేసి, రోడ్డు దిగి, ఎర్రగరుసు మట్టిలో జారి, సర్కారు కంపలో ఆగిందట. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తానే వెనక్కి తోలి రోడ్డెక్కించాడు. బండి లాగుతోందని చాలా రోజులుగా చెబుతున్నా వినని సేటు, ఆ రోజు మాత్రం మిల్లు గేటు దగ్గర హమాలీలంతా వింటుండగా నీ చేతులు పోయాయి అన్నాడు. పండగ దాకా చూసి ఇంకొకర్ని పెట్టుకుంటానన్నాడు.

"బండిదా తప్పు, నాదా? అదొక్కటి తేల్సి సెప్పప్పా," అన్నాడు అన్న. "నాదైతే నేనే దిగిపోతా. బండిదైతే ఆ మాట సేటు నోటితో సెప్పల్ల, అదే గేటుకాడ."

మీకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. మా దగ్గర ఆయుధపూజ నాడు బండికి పూలదండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేది ఆ బండి డ్రైవరే. ఆ రోజు స్టీరింగు ఇంకొకడి చేతిలో కనిపిస్తే ఇక ఊళ్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. ఒక్క యాక్సిడెంటు లేదని చెప్పుకుని బతికినవాడికి చివరికి మిగిలేది కంపలో పడేసిన డ్రైవరన్న పేరు.

నేను బండి కిందికి దూరాను. దూరాను అనడం గొప్పకే, ఆ కారు కిందికి పిల్లి కూడా దూరదు. ఇటుకలు పేర్చి, మీద చెక్కలు వేసి ఎత్తుకోవలసి వచ్చింది. స్టీరింగులో తప్పులు వెతకక్కర్లేకుండా దొరికాయి. ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ చివర ఒక కీలు ఉంటుంది, టై రాడ్ ఎండ్ అంటాం. రెండు వైపులా అవి వదులై గలగలలాడుతున్నాయి. స్టీరింగు రాక్‌ను పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు పొడిపొడిగా రాలాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. బండిదేనన్నా, నిశ్చింతగా ఉండు అని అప్పుడే చెప్పేశాను. ఎంత తొందర మనిషినో మీకు తెలియాలనే ఇది రాస్తున్నాను.

కీళ్లు బెంగుళూరు నుంచి తెప్పించాం. బుష్‌లు దొరక్కపోతే లేత్ షాపులో గట్టి రబ్బరు కోయించి వేశాను. గాలి సరిచూశాను. టైరు వల్ల లాగుతోందేమోనని ముందు టైర్లు రెంటినీ అటూ ఇటూ మార్చాను. అన్న రోడ్డు మీదికి తీసుకుపోయాడు, నేను పక్క సీట్లో కూర్చున్నాను. స్టీరింగులో గలగల పోయింది. కానీ ఊరు దాటి వేగం అందుకోగానే బండి మళ్లీ ఎడమకు జరిగింది. అన్న నా మొహం చూశాడు. నేను రోడ్డు చూశాను.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. నువ్వే తోలి చూడొచ్చు కదా అని. డిపో మెకానిక్కులం మేము, బస్సును షెడ్డులో నుంచి కడిగేచోటికి, అక్కడి నుంచి మళ్లీ షెడ్డులోకి తోలినవాళ్లమే. నా చేతిలో ఆ కారు వీధి చివరిదాకా పోయి వచ్చేది, ఆ నడకకు ఏ బండీ ఎటూ లాగదు. అదీగాక మన రోడ్లు నీళ్లు పోవడానికి అంచులకు వాలుగా వేస్తారు, వదిలేస్తే ఏ బండైనా కొద్దిగా ఎడమకే పోతుంది. ఎంతవరకు రోడ్డుదో ఎంతవరకు బండిదో వేగంలో స్టీరింగు పట్టుకున్నవాడికే తెలుస్తుంది. పక్క సీట్లో కూర్చున్నవాడికి బండి లాగుతోందా చెయ్యి లాగుతోందా తెలియదు. ఇంకో డ్రైవరును పిలుద్దామంటే అన్న ఒప్పుకోలేదు. పిలిస్తే సాయంత్రానికల్లా ఆ మాట ఆదోని స్టాండంతా తిరుగుతుందని అతని భయం. అది నిజమే.

ఆ రోజే ఇంకొక సంగతి గమనించాను, ఎవరికీ చెప్పలేదు. నా భార్య మజ్జిగ తెచ్చి అన్నకు ఎడమ పక్క నిలబడి గ్లాసు చాపితే, అతను చాలాసేపు తీసుకోలేదు. ఆమె పిలిస్తే ఉలిక్కిపడి తల పూర్తిగా తిప్పి చూశాడు. ఏదో ఆలోచనలో ఉన్నాడులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకున్న మాట నిలబడలేదు. బండిని చూస్తే బండిది కావాలని ఆశ, మనిషిని చూస్తే మనిషిదేమోనని భయం. అన్న మాత్రం రోజూ ఆదోని నుంచి మొదటి బస్సుకే దిగి, మా అరుగు మీద కూర్చుని, ఏమైందప్పా అని అడగకుండా నా చేతుల వైపు చూస్తుండేవాడు. అడిగినా బాగుండేది.

చక్రాల వరుస సరిచూసే మిషను ఆదోనిలో ఉంది కానీ ఈ కారు దాని మీదికి ఎక్కదు, ముందు భాగం తగులుతుంది. అందుకని పాత పద్ధతిలో దారంతో చూద్దామనుకున్నాను. బండి పక్కగా దారాన్ని బిగించి లాగితే, చక్రం ముందంచూ వెనకంచూ దారానికి ఒకేలా ఆనాలి. మా వీధిలో పొద్దున్నే నేతకు పడుగు దారాలు సాగదీస్తారు కాబట్టి నేల చదునుగా, పొడుగ్గా ఉంటుంది. ఇంట్లో దారానికి కరువు లేదు. పడుగు పని అయిపోయాక కారును వీధిలో నిలబెట్టి, దారం ఒక కొస నేను ముందు పట్టుకున్నాను. రెండో కొస కట్టడానికి ఏమీ లేక నా భార్యను వెనక నిలబెట్టాను. ఆమె పని దారం బిగువుగా పట్టుకోవడమే.

ముందు చక్రాలు రెండు వైపులా సరిగ్గా వచ్చాయి. అంటే బండిలో ఇక తప్పు లేదు. అరుగు మీద కూర్చున్న అన్నకు ఏం చెప్పాలో తోచక వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను.

"ఇదో, ఈడ దారం తగల్లేదు," అంది నా భార్య వెనక నుంచి. ఎడమ వెనక చక్రం దగ్గర నిలబడి ఉంది. "వెనకంచుకు ఆనుకుంటాంది, ముందంచుకాడ ఏలు దూరుతాంది."

"అది మనకొద్దు. వెనక చక్రాలు మా సెక్షన్ కాదు," అన్నాను విసుగ్గా.

పిల్లలూ, ఆ మాట నేను నిజంగానే అన్నాను. డిపోలో ముందు యాక్సిలు మాది, వెనక యాక్సిలు వేరేవాళ్లది. ఒకరి పనిలో ఒకరు వేలు పెడితే పెద్ద రగడ. వాళ్ల పానా మేము ముట్టుకోము, మా జాకీ వాళ్లకివ్వము. పైగా బస్సు వెనక చక్రాలు ఒకే లావుపాటి ఇరుసుకు ఉంటాయి, అవి వంకర తిరగడమనేది ఉండదు. స్టీరింగు కంప్లయింటు వస్తే ఏనాడూ డ్రైవరు సీటుకు వెనక నేను చూసిన పాపాన పోలేదు. రిటైరైనా సెక్షను నా తలలో నుంచి రిటైరవలేదు.

"సెక్షనో గిక్షనో, వంకర ఉండాదని సెప్తాండా," అని ఆమె దారం నా మీదికి విసిరేసి లోపలికి పోయింది. ఆమెకు మగ్గం మీద సగం చీర ఉంది.

నేను అరుగు మీద కూర్చున్నాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను. బస్సు కాదు కదా ఇది అనే ఆలోచన అప్పుడు వచ్చింది. ఈ రకం కార్లలో వెనక చక్రాలు దేనికది విడిగా, సన్నని కడ్డీల మీద నిలబడి ఉంటాయి. అంత మాత్రం నాకు తెలుసు, తెలిసి కూడా చూడలేదు. అన్ననే దారం పట్టుకోమని మళ్లీ చూశాను. కుడి వెనక చక్రం తిన్నగా ఉంది. ఎడమది ముక్కు లోపలికి తిప్పుకుని ఉంది. ముందు చక్రాలు తిన్నగా పోదామంటే వెనక చక్రం ఒకటి కుడికి పోదామంటోంది. బండి వెనక భాగం కుడికి జరిగితే ముక్కు ఎడమకు తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ తగాదా పెరుగుతుంది.

బండిని వెనక ఎత్తి చూస్తే, ఆ చక్రాన్ని ముందు వైపు పట్టి ఉంచే కడ్డీ వంగి ఉంది. వంగినచోట ఇనుము మీద గొలుసు రాసుకున్న గీతలు. దాని సందుల్లో ఎండి గట్టిపడిన నల్లరేగడి మన్ను. అన్న బండి దిగిన చోటు ఎర్రగరుసు, అక్కడ దాన్ని ఎవరూ గొలుసు వేసి లాగలేదు. మనవైపు రేగడిలో ఏది దిగబడినా ట్రాక్టరు తెచ్చి ఇరుసుకు గొలుసు తగిలించి లాగుతాం. ట్రాలీకైనా లారీకైనా అది సరిపోతుంది, ఈ కారుకు ఇరుసు ఉంటే కదా. అందిన కడ్డీకి తగిలించి ఉంటారు.

"నేను దీన్ని రేగడిలోకి ఎప్పుడూ దింపలేదప్పా," అన్నాడు అన్న. వంగినచోట వేలితో తడుముతూ ఉండిపోయాడు. నాకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది, సంతోషమంటే అంత సంతోషం.

వంగిన కడ్డీని కాల్చి సరిచేస్తానని లేత్ షాపువాడు ముందుకొచ్చాడు. నేను ఒప్పుకోలేదు. చక్రాన్ని పట్టి ఉంచే ఇనుము ఒకసారి వంగిందంటే అది తుక్కు కిందే లెక్క, కాల్చి సాపు చేసి మళ్లీ బిగించకూడదు. ఇదొక్కటి మాత్రం మీరు గుర్తుపెట్టుకోండి. కుడి వైపు కడ్డీని కొలత పెట్టి మంచి ఉక్కుతో కొత్తది చేయించాను. బిగించి, వీధిలో మళ్లీ దారం లాగాం. నాలుగు చక్రాలూ ఆనాయి. నా భార్య వచ్చి చూసి, ఇప్పుడు ఇది ఏ సెక్షనో అని అడిగి పోయింది.

మరుసటి రోజు ఉదయం ఆదోనికి బయలుదేరాం. సేటుకు ఫోన్ చేసి, బండి తెస్తున్నాం, గేటు దగ్గరే ఉండమని చెప్పాను. అన్న తెల్లచొక్కా వేసుకొచ్చాడు. ఊరు దాటి వేగం పెంచాడు. బండి గీత గీసినట్టు పోతోంది. అతను స్టీరింగు మీద నుంచి రెండు చేతులూ కొద్దిగా ఎత్తి చూపించి నవ్వాడు. చాలా రోజుల తరువాత నేనూ వెనక్కి ఆనుకుని కూర్చున్నాను.

కొంత దూరం పోయాక ఎడమ పక్క పొలంలో నుంచి గొర్రెల మంద రోడ్డెక్కుతోంది. ముందు నడిచేవి అప్పటికే తారు మీద ఉన్నాయి. కాపరి చెయ్యి అడ్డం పెట్టి ఊపుతున్నాడు. అన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, కాలు కదల్లేదు. చూశాడనుకున్నాను. తరువాత చూడలేదని తెలిసింది. అన్నా అని అరిచి హ్యాండ్‌బ్రేకు లాగాను. బండి గిర్రున సగం తిరిగి ఆగింది. గొర్రెలు చెల్లాచెదరై, ఒక్కటికీ తగలకుండా బయటపడ్డాయి. కాపరి మమ్మల్ని తిట్టాల్సినవన్నీ తిట్టి మందను దాటించుకుపోయాడు.

అన్న ఇంజను ఆపాడు. కుడి కన్ను అరచేత్తో మూసుకుని ముందుకు చూశాడు. చెయ్యి తీసి మళ్లీ మూసి చూశాడు.

"ఎడమ పక్క మబ్బు కమ్మినట్టుంటాదప్పా," అన్నాడు. "బండి లాగుతాంటే, దాన్ని పట్టుకునేదాంట్లో పడి ఆ పక్క సూడలేదనుకుంటి. బండి బాగైతే ఇదీ బాగైతాదనుకుంటి."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇన్ని రోజులు ఆ చక్రం చేసిన తప్పు చాటున అతని కన్ను దాక్కుని ఉంది. తప్పు సరిచేసి దాన్ని బయటపెట్టింది నేనే. అతను దిగి, బండి చుట్టూ తిరిగి వచ్చి, నా పక్క తలుపు తెరిచాడు. ఇక నేను తోలాను. సైకిళ్లు దాటిపోయాయి, అయినా చెమటలు పట్టాయి. సేటుకు ఏం చెబుతావని అతను అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలియదు. మిల్లుకు కొంచెం ముందు బండి ఆపించి, మళ్లీ తాను స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆ కొద్ది దూరం నేను కాదనలేకపోయాను. కాకపోతే చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదే ఉంచాను.

గేటు దగ్గర సేటు ఉన్నాడు. హమాలీలు పత్తి బోరాలు దింపుతున్నారు. నేను వంగిన కడ్డీని సేటు చేతిలో పెట్టి, గొలుసు గీతలు చూపించి, ఈ బండిని రేగడిలో నుంచి ఎవరో ట్రాక్టరుతో లాగారని చెప్పాను. సేటు కడ్డీని అటూ ఇటూ తిప్పాడు. వానల్లో ఒక రోజు తానే ఒంటరిగా తోలుకుని ఒక చేను చూడబోయి దిగబడ్డానని, నవ్వుతారని ఎవరికీ చెప్పలేదని మెల్లగా ఒప్పుకున్నాడు. మాట దాచుకున్నవాడే కానీ చెడ్డవాడు కాదు. హమాలీల వైపు తిరిగి గట్టిగానే అన్నాడు.

"తప్పు బండిది. బండిని పాడుసేసింది నేను. ఆయప్ప సేతులు బాగానే ఉండాయి." తరువాత అన్న వైపు తిరిగి, "పండక్కి నువ్వే తొక్కియ్యల్ల నిమ్మకాయలు. తాళం నీకాడే పెట్టుకో," అన్నాడు.

తాళం అన్న చేతిలోనే ఉంది. అతను కోరుకున్న మాట, కోరుకున్న చోట, అందరి ముందూ వచ్చింది. జేబులో వేసుకుంటే అయిపోయేది. నేను నోరు తెరవలేదు. తెరిచి ఉండాల్సిందేమో, ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు. జేబులో వేసుకుంటే ఏం చేయాలా అని నా కాళ్లు మాత్రం ఒకచోట నిలవలేదు.

అన్న తాళాన్ని కాసేపు చూసి, సేటు చేతిలో పెట్టాడు.

"సేతులు బాగుండాయి సేటూ. కండ్లు బాగలేవు. ఇంగొకర్ని సూసుకో."

హమాలీలు పని ఆపి చూస్తున్నారు. అన్న వాళ్లకు చెయ్యెత్తి చూపించి, నడుచుకుంటూ గేటు దాటాడు. నేను కడ్డీ సంగతే మరచి అతని వెనక పడ్డాను.

ఆదోనిలోనే అతని ఇల్లు. అయినా ఇంటికి పోనన్నాడు. ఇప్పుడే పోతే ఏమైందని ఇంట్లో అడుగుతారు, నీతో ఎమ్మిగనూరు దాకా వచ్చి సాయంత్రం తిరిగొస్తానన్నాడు. స్టాండులో బస్సెక్కాం. డ్రైవరు కొత్త కుర్రాడు, మమ్మల్నెవరో ఎరగడు. ఎడమ వైపు సీటు దొరికితే, కిటికీ పక్క నన్ను కూర్చోమని, తాను ఇటు కూర్చున్నాడు. బస్సు ఊరు దాటింది.

"ఎడమ పక్క ఏమొస్తాండాదో సెప్తా ఉండప్పా," అన్నాడు ఉన్నట్టుండి, ముందు అద్దంలోంచి రోడ్డునే చూస్తూ.

ఆటో వస్తోందన్నాను. ఇద్దరు ఆడవాళ్లు రోడ్డు దాటబోతున్నారన్నాను. పత్తి వేసుకున్న ట్రాక్టరు చేను లోంచి ఎక్కుతోందన్నాను. చెప్పిన ప్రతిసారీ అతని కుడికాలు బస్సు నేలను మెత్తగా నొక్కింది. ఎమ్మిగనూరు స్టాండులో బస్సు ఆగేదాకా నేను చెబుతూనే ఉన్నాను.